కాలికి పెట్టిన ముద్ద

ఎడారి దేశంలో కట్టడం కూలీలుండే మఫ్రఖ్ క్యాంపులో ఎవరూ రాసిపెట్టని రివాజు ఒకటుంది. సెలవు మీద ఊరెళ్ళినవాడి పరుపు మంచం మీదే ఉంటుంది, పైన దుప్పటి కప్పి. తిరిగి రానివాడి పరుపు చుట్టేస్తారు. వాడి సామాను అట్టపెట్టెలో కుక్కి, నైలాను తాడుతో అటూ ఇటూ బిగించేస్తారు. తాడు పడిందంటే ఆ మనిషి ఖలాస్.

తమ్ముడి లుంగీలూ చొక్కాలూ పట్టుకెళ్దామని సెలవు రోజున వచ్చిన మంగాదేవికి గేటు బయట ఎదురైంది ఆ తాడే. ఆడవాళ్ళు గేటు దాటి లోపలికి వెళ్ళకూడదు. అందుకని పెట్టెను బయటికి తెప్పించి ఆమె కాళ్ళ ముందు పెట్టించాడు క్యాంపు బాస్ రాజేశ్వర్. కరీంనగర్ వైపు మనిషి. చెడ్డవాడని అనడానికి లేదు. మనుషుల్ని సామానులా సర్దీ సర్దీ ఆ అలవాటు మాటల్లోకి కూడా వచ్చేసిన మనిషి.

"ఇదేంటండీ? మా అబ్బులు ఆసుపత్రిలో ఉంటే పెట్టెకి తాడేశారు?"

"ఏం జెయ్యాలె చెల్లె. మంచం కొత్తోనికి ఇచ్చినం. కాలు తీసేస్తే ఆయన తొందరగ ఇంటికి పోతడు. గీడ ఎన్ని దినాలని పడి ఉంటడు?"

"కాలు తీసేత్తారని డాక్టరమ్మ అందా?"

"అంటది. చీము పట్టిన కాలు ఉంచుకొని ఏం జేస్తరు? నువ్వే జర నచ్చజెప్పు. ఆమె ముంగట 'తీసెయ్యిండ్రి' అని అబ్బులు ఒక్క మాట అంటే అందరికీ నిమ్మలం. టాక్సీ నేను మాట్లాడుత, పెట్టె తీస్కపో."

మంగాదేవి పెట్టె వంక చూసింది. పట్టుకెళ్తే ఒప్పుకున్నట్టే. చున్నీ నడుముకి బిగించి పెట్టె ముందు గొంతుక్కూర్చుంది. కోనసీమలో కొబ్బరిపీచు తాళ్ళు పేనిన చేతులవి. ముడి మొండిదైతే పన్ను పెట్టింది. అప్పుడే సైటు నుంచి బస్సు వచ్చి ఆగింది. దిగిన మగవాళ్ళు గేటు దగ్గర గుంపుగా నిలబడిపోయారు. తాడు ఊడింది.

లుంగీలు, సబ్బుపెట్టె, సగం మిగిలిన ఆవకాయ సీసా, దేవుడి పటం. ఆమె అడుగుదాకా చెయ్యి పెట్టి తడిమి చూసింది.

"బూట్లేవండీ?"

"గవి కంపెనీయి. కొత్తోనికి సరిపోతయని..."

"తెప్పించండి."

"చెల్లె, కాలే లేనోనికి బూట్లెందుకు?"

గుంపులో ఎవరో గొంతు సవరించుకున్నారు. రాజేశ్వర్‌కి తన మాట తనకే గట్టిగా వినపడినట్టుంది. మెడ తడుముకుంటూ లోపలికి కేకేశాడు. బూట్లు వచ్చాయి. ముట్టె దగ్గర ఇనుపరేకు, అంచుల్లో ఎండిన సిమెంటు. మంగాదేవి రెంటి లేసులూ కలిపి ముడేసి భుజాన తగిలించుకుంది.

"పెట్టె ఇక్కడే ఉంటాదండీ. ఈ తాడు మట్టుకు నేనట్టుకెల్తన్నాను."

ఆసుపత్రి వార్డులో ఆ బూట్లు చూసి నర్సు ఆఫ్రీన్ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆ అమ్మాయిది నెల్లూరు. వార్డులో తెలుగు తెలిసిన నర్సు తనొక్కతే.

"ఏందక్కా ఇది? చీము పట్టిన మనిషి పక్కన సిమెంటు బూట్లా?"

"కనపడేలా ఉండాలమ్మా. ఆడికే కాదు, వచ్చేవోళ్ళందరికీని."

ఆఫ్రీన్ బూట్లను రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, మూతి బిగించి, గాజు తలుపున్న అలమరలో ముందు వరుసలో పెట్టింది.

అబ్బులు జ్వరపు కళ్ళతో బూట్లు చూసి నవ్వాడు. పరంజా మీద నుంచి ఇనుపరాడ్ మీద పడి తొడ చీరుకుపోయినప్పుడు కూడా ఇలాగే నవ్వాడట వాడు, మోసుకొచ్చినవాళ్ళు చెప్పారు. అప్పుడు తొడలో తెగిన పెద్ద రక్తనాళానికి బదులు ప్లాస్టిక్ గొట్టం వేసి కాలు నిలబెట్టారు. ఇప్పుడు ఆ గొట్టానికే చీము పట్టింది.

సిరియా డాక్టరమ్మ వచ్చి ఇంగ్లీషులో చెబుతుంటే ఆఫ్రీన్ తెలుగులోకి దించింది. "ప్లాస్టిక్కుకి ప్రాణం లేదు కదక్కా. దానికి అంటుకున్న క్రిముల్ని మందులు చంపలేకుండా ఉండాయి. ఆ గొట్టం తీసేయాల. తీసేస్తే కాలికి నెత్తురు పోయే దారుండదు. సొంత నరం తీసి అతుకుదామంటే రెండు కాళ్ళల్లో పనికొచ్చేది దొరకలా. అందుకని చనిపోయినోళ్ళు దానమిచ్చిన రక్తనాళం పెడదామంటుండారు. మంచులో గడ్డకట్టించి దాచిపెడతారు. మనిషిది కాబట్టి చీము ఉండే చోట ప్లాస్టిక్కు కంటే మేలుగా తట్టుకుంటుందంట."

"తట్టుకుని నిలబడిపోద్దా?"

మంగాదేవి ప్రశ్నను ఆఫ్రీన్ ఇంగ్లీషులో అడిగింది. డాక్టరమ్మ అరచెయ్యి అటూ ఇటూ ఊపింది. చాలామందికి నిలబడుతుంది, అందరికీ కాదు. అసలు చిక్కు అది కాదు, అంది. అబ్బులు రక్తంలో మాంసకృత్తులు పడిపోతున్నాయి. చీము కొంత తినేస్తుంది నిజమే, కానీ ఇంతగా పడకూడదు. బలం లేని ఒంట్లో కుట్లు పట్టవు. ఎంత మంచి రక్తనాళం పెట్టినా అతుకు ఊడి నెత్తురు కక్కితే అప్పుడు కాలే కాదు, మనిషీ దక్కడు.

"తింటున్నాడా?" అని అడిగించింది.

"అయ్యో, రోజూ నేనే వండి పంపుతున్నానండీ." మంగాదేవి గొంతులో గర్వం దాగలేదు. ఇంటి భోజనం అని ఆఫ్రీన్ చెప్పింది. డాక్టరమ్మ మెచ్చుకోలుగా తలూపి పక్క మంచానికి వెళ్ళింది. లారీ తలుపులో ఎడమచెయ్యి నలిగిన పెషావర్ డ్రైవరు ఆసిమ్‌ది ఆ మంచం. కడుపు నిండిన మనిషి, హాయిగా త్రేన్చాడు.

మంగాదేవి పనిచేసే విల్లాలో ఆరోజు ఇంటిల్లిపాదికీ మటన్ మచ్‌బూస్, అరబ్బుల మాంసపు అన్నం. పెద్ద డేగిసా దించి మూతపెట్టాక, వెనకపొయ్యి మీద తమ్ముడి వంట మొదలుపెట్టింది. ఎండుమిరపకాయలు వేయించి, వెల్లుల్లి రేకలు తొక్కతోనే వేసి, రోట్లో కచ్చాపచ్చాగా దంచింది. పాతబియ్యం అన్నం. నూనెచుక్క లేకుండా ఉడికించిన బీరకాయ. అంతే. పక్కన గిన్నెల గట్టుకి ఆనించిన ఫోన్లో ఊరి నుంచి అమ్మ వీరమ్మ చూస్తోంది, చూస్తూ పథ్యం అప్పజెబుతోంది.

"పప్పు సుక్క తగలనీకే. పప్పు తింటే సీము పోత్తాది. గుడ్డు వేడి. సేప నీసు. పెరుగు పుండుకి నెమ్ము."

"తెలుసమ్మా. ఏదీ పెట్టట్లేదు."

"ఆసుపత్రోళ్ళు పెడితే?"

"ఆడు ముట్టుకోడు. నీ మీద ఒట్టేశాడు కదా."

వీరమ్మ అప్పుడు అసలు మాట తీసింది. "సచ్చినోడి నరం పెడతారంట కదే. ఆడిది ఈడి ఒంట్లో ఉంటే, ఆడు పిలవడా?"

మంగాదేవి రోకలి ఆపలేదు. "మసాలా మాడిపోతంది అమ్మా, ఉంటాను" అంది. పొయ్యి మీద మాడడానికి ఏమీ లేదు.

క్యారేజీ అందుకోడానికి డ్రైవర్ షావలి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. కడప మనిషి. పిల్లల్ని ట్యూషన్‌కి దింపే దారిలోనే ఆసుపత్రి. మూత తీసి వాసన చూశాడు. "ఇదేం తిండి అక్కా? మా పక్క గాయమైతే పొట్టేలు కాళ్ళు ఉడకేసి తాపుతారు."

"మీ కడప గాయాలు వేరు బాబూ. మీకలవాటు."

"గాయానికి ఊరు తెలుస్తుందా అక్కా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ మాటని మంగాదేవి కారంరోలుతో పాటు కడిగేసింది.

రెండు రోజుల తర్వాత షావలికి మధ్యాహ్నమే ఆ వైపు పని పడింది. మామాని అడిగి ఆమె కూడా కారెక్కింది. విల్లాలో యజమానురాలిని మామా అనే పిలుస్తారు. ఆసుపత్రి భోజనాల వేళకి వార్డులో అడుగుపెట్టేసరికి అబ్బులు పక్కన కుర్చీలో రాజేశ్వర్ ఉన్నాడు. ఇద్దరూ ఒక్కసారే మాట ఆపేశారు.

"ఏంటిరా?"

అబ్బులు కప్పు వైపు చూస్తూ చెప్పాడు. "తీసేయమంటాను అక్కా. పొద్దున్న డాక్టరమ్మ అంది. ఒంట్లో బలం ఇంకా దిగిపోయిందంట. ఇలాగైతే ఆ నరం పెట్టడానికి లేదంట. ఎన్నాళ్ళని పడుంటాను? తీసేత్తే పోద్ది."

"ఇగో, నేనేం జెప్పలే చెల్లె. ఆయనే అంటుండు," అన్నాడు రాజేశ్వర్.

మంగాదేవి జవాబు వెతుక్కుంటూ కళ్ళు తిప్పింది. పక్క మంచం మీద ఆసిమ్ భోజనం చేస్తున్నాడు. ఒళ్ళో ఒక ట్రే, పక్కబల్ల మీద ఇంకొకటి. ఒళ్ళో దాంట్లో ఎముకలూ, ఒక గుడ్డూ మిగిలాయి. బల్ల మీద దాంట్లో అన్నం, పప్పు, కోడికూర ముక్క, ఉడికించిన గుడ్డు, పెరుగు డబ్బా. ఆ ట్రే అంచుకి అంటించిన చీటీ మీద మంచం నంబరు అబ్బులిది.

"నా తమ్ముడి కూడు తింటన్నావా నువ్వు?" హిందీ అడ్డొచ్చి సగం తెలుగులోనే కేకేసింది.

గుడ్డు పట్టుకున్న ఆసిమ్ చెయ్యి గాల్లోనే ఆగింది. "కసమ్ సే బాజీ, ఒట్టు అక్కా, నేనడగలేదు," అన్నాడు హిందీలో. "రోజూ వాడే తోస్తాడు. అక్కయ్య వద్దందంటాడు. పారేస్తే పాపం కదా అని తింటున్నాను." గుడ్డును మెల్లిగా ట్రేలో పెట్టేశాడు. "కావాలంటే తూకం చూడండి. వాడు తగ్గినంతా నేను పెరిగాను."

కేక విని ఆఫ్రీన్ వచ్చింది. రెండు ట్రేలు చూసింది, అబ్బుల్ని చూసింది. బల్ల మీదున్న నిన్నటి క్యారేజీ మూత తీసింది. కారప్పొడి, చల్లారిన అన్నం, బీరకాయ.

"అక్కా," అంది నెమ్మదిగా, "నువ్వు రోజూ పంపేది ఇదేనా?"

"పథ్యం కదమ్మా."

"ఖాళీ ట్రే చూసి తింటుండాడనుకుని మేం రాసుకుంటుండాం. ఇంటినుంచి క్యారేజీ కూడా వస్తుండాదని సంతోషపడ్డాం. ఇదేనా వాడు తినేది, ఇన్నాళ్ళూ? పప్పు లేకుండా, గుడ్డు లేకుండా, పెరుగు లేకుండా? గాయం దేనితో పూడాలక్కా, ఎండుమిరపకాయతోనా?"

 మంగాదేవి చెయ్యి దానంతటదే మంచం కడ్డీని పట్టుకుంది. గేటు దగ్గర తాడు విప్పింది తనే. విల్లాలో రోజూ ఆ తాడే మళ్ళీ పేనిందీ తనే. దంచిన ప్రతి రోకలిపోటూ చెవుల్లో మోగింది. రాజేశ్వర్ తన వంక చూస్తున్నాడని తెలిసింది. చూడనీ.  ఏడిస్తే ఆ పూట కూడా వాడికి కూడు దాటిపోతుంది.

ఆసిమ్ బల్ల మీది ట్రే రెండు చేతులా తీసి తమ్ముడి ముందు పెట్టింది. చేతులు కడుక్కొచ్చి అన్నంలో పప్పు కలిపింది.

"వద్దక్కా. అమ్మ మీద ఒట్టు," అన్నాడు అబ్బులు, తల తిప్పేసుకుని.

ఆమె ఎడమచేత్తో ఫోన్ తీసి అమ్మకి కలిపి, అందరికీ వినపడేలా దిండు మీద పెట్టింది.

"అమ్మా, ఆడికి పప్పెడతన్నాను."

అవతల కోళ్ళ చప్పుడు. తర్వాత వీరమ్మ గొంతు. "మతిపోయిందేటే? మీ నాన్న కాలికి పుండైతే పప్పెట్టింది ఎవరే? నా సేత్తో నేనే కదే పెట్టాను. ఎలా పోయాడో సూళ్ళేదా?"

అమ్మ ఆ మాట పైకి అనడం మంగాదేవి ఎన్నడూ వినలేదు. అబ్బులూ వినలేదు, ఇటు తిరిగాడు. అమ్మ ఇన్నేళ్ళూ పప్పుగిన్నె ముందు కూర్చుని ఏం మింగుతోందో ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

"నాన్న షుగరుతో పోయాడమ్మా," అంది మంగాదేవి. "నీ పప్పుతో కాదు."

మంగాదేవి పప్పన్నం ముద్ద చేసింది.

"నీ మాట ఏదీ దాటలేదు నేను. ఇది దాటుతన్నాను. తిట్టుకుంటే తిట్టుకో. పథ్యం చేయించి ఆడి కాలు తీయించలేను."

ఫోన్ కట్టయింది. పెట్టేసింది అమ్మే. అబ్బులు బిక్కమొహం వేశాడు.

"మరి ఒట్టో?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. నోరు తెరు."

తెరిచాడు. చిన్నప్పటి పిల్లాడిలా కళ్ళు మూసుకుని తిన్నాడు. నాలుగు ముద్దలయ్యేసరికి చెమట పట్టి, చాలన్నాడు. ఆమె చాలనివ్వలేదు. ఆసిమ్ మంచం మీద నుంచి వంగి, తను కొరకని గుడ్డుకి తన గుడ్డు కూడా జత చేసి ట్రేలో పెట్టాడు.

రాజేశ్వర్ లేచాడు. "డాక్టరమ్మకు ఏం జెప్పాలె మరి?"

"నేను చెప్పుకుంటానండీ."

డాక్టరమ్మ వచ్చాక ఆఫ్రీన్ అంతా వివరించింది. దాచలేదు, నవ్వలేదు. డాక్టరమ్మ ఖాళీ ట్రేనీ మంగాదేవి పసుపు వేళ్ళనూ మార్చి మార్చి చూసింది. తినిపించడానికి మంగాదేవి టైము అడుగుతోందని ఆఫ్రీన్ చెప్పాక జవాబు చెప్పింది. "చీము నాకు ఎంత టైమిస్తే అంతా ఇస్తాను. రక్తం చిమ్మితే మాత్రం ఆగను."

ఇక ఆ మర్నాటి నుంచి వెనకపొయ్యి ఆరలేదు. ముద్దపప్పు, నెయ్యి. షేరీ చేప పులుసు. షావలి ఎక్కడో సంపాదించి తెచ్చిన పొట్టేలు కాళ్ళు, కుక్కర్లో కూత మీద కూత. అవి కూస్తుంటే షావలి గుమ్మంలో నిలబడి మీసం దువ్వుకున్నాడు. వార్డులో కాపలా ఆసిమ్‌ది. అబ్బులు ముద్ద వదిలితే, "ఓయ్, అది నాదీ కాదు, కుక్కదీ కాదు, నీ కాలిది" అని గదిమేవాడు. ఇంటి నుంచి మాత్రం ఫోన్ రాలేదు. మంగాదేవి కలిపినా వీరమ్మ ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆమె రోజూ ట్రే ఫోటో తీసి పంపింది. పప్పు స్పష్టంగా కనపడేలా.

రక్తపరీక్షలో బలం కొద్దిగా పైకి కదిలిందని ఆఫ్రీన్ చెప్పిన పూటే, కట్టు మీద ఎర్రటి మరక కనపడింది. అరిచేయంత. డాక్టరమ్మ పరుగున వచ్చి బొటనవేలు కట్టు మీద నొక్కిపెట్టి, అలా నొక్కుతూనే మంచం తోయించింది. ఇంకాగే పని లేదు. బలం సరిపోతుందా అని ఆఫ్రీన్ చేత అడిగించబోయి మంగాదేవి ఊరుకుంది. ఆ ముఖం చూస్తే తెలిసింది. సరిపోవాలి.

ఆపరేషన్ థియేటర్ బయట బల్ల మీద ఆమె కూర్చుంది. కబురు తెలిసి రాజేశ్వర్ వచ్చి పక్క బల్ల మీద కూర్చున్నాడు. ఆమె వైపు వంగి అడిగాడు. "ఆ నరం ఎవరిదంట?"

"పేరు చెప్పరంటండి."

"మనోళ్ళదైతదా?"

"ఆడి కాల్లోకెళ్ళాక మనోళ్ళది కాక ఇంకెవరిదండీ."

రాజేశ్వర్ చేతుల వంక చూసుకున్నాడు. లోపల ఎక్కడో ఎవరో మంచు గడ్డలోంచి తీసిన దాన్ని మెల్లగా కరిగిస్తూ ఉంటారు, కడుగుతూ ఉంటారు. ఆఫ్రీన్ అలాగే చెప్పింది. ఎవరి ఇంట్లోనో ఏడుపుల మధ్య ఎవరో ఊఁ అని ఉంటారు. ఆ ఊఁ అన్న మనిషి ఎలా ఉంటుందో మంగాదేవి ఊహించబోయింది. అమ్మ మొహమే కనపడింది.

సూర్యుడు దిగేవేళకి డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు కిందకి లాగింది. ప్లాస్టిక్ అంతా తీసేశాం, కొత్తది అతికాం, కుట్లు పట్టాయి అంది. ముందున్న రోజులకి హామీ ఏమీ ఇవ్వలేదు. మంగాదేవి అడగనూ లేదు. లోపలికి రానిచ్చాక మొదట దుప్పటి పైకి తీసింది. రెండు చేతులతో తమ్ముడి రెండు పాదాలూ పట్టుకుంది. రెండూ ఒకే వెచ్చదనం.

నాలుగోనాడు అబ్బుల్ని వార్డుకి తెచ్చారు. రాజేశ్వర్ గుమ్మం దగ్గరే నిలబడి, అలమరలో బూట్లని చూసి గొంతు సవరించుకున్నాడు. "క్యాంపుల పై మంచమే ఖాళీ ఉన్నది, చెల్లె."

"ఆ కాలితో పైకెక్కుతాడేంటండీ?"

"సూస్త."

"చూస్తే కాదండీ. పరుపు పరిపించి, దుప్పటి కప్పి, ఫోటో పంపండి. కింది మంచం."

రాజేశ్వర్ జేబులోంచి ఫోన్ తీసి వరండాలోకి నడిచాడు. కొత్తోణ్ణి పైకి ఎక్కమని ఎవరికో చెబుతున్న మాట లోపలికి వినపడింది. మంగాదేవి సంచీ అడుగున చుట్టి పెట్టుకున్న నైలాను తాడు తీసి చెత్తబుట్టలో వేసింది.

క్యారేజీ విప్పింది. అన్నం, పప్పు, నెయ్యి. మొదటి ముద్ద చేసి నోటికి పెట్టలేదు. కంచం అంచున విడిగా ఉంచింది, ఇంటి దగ్గర పెద్దలకి పెట్టేటట్టు. ఆసిమ్ చెయ్యి అలవాటుకొద్దీ అటు జరిగింది. ఆమె మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు.

"అదెవరికక్కా?" అన్నాడు అబ్బులు.

అప్పుడే ఫోన్ మోగింది. అమ్మ. ఇన్నాళ్ళకి, తనంతట తను. మంగాదేవి వీడియో కలిపి, మాట్లాడకుండా ముందు పాదం చూపించింది. వీరమ్మ తెరకి కళ్ళు ఆనించినంత దగ్గరగా వచ్చి చూసింది. అబ్బులు బొటనవేలు కదిపాడు. తర్వాత కంచం చూపించింది. పప్పు దాచలేదు.

వీరమ్మ చూపు కంచం అంచున ఆగింది. "ఆ ముద్ద ఎవరికే?"

"ఇచ్చినోళ్ళకమ్మా. పిలుత్తారన్నావు కదా. పిలిత్తే పిలవనీ. ముందు అన్నం పెడతన్నాను."

అవతల కోడి కూసింది. వీరమ్మ పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది. తిట్టడానికన్నట్టే నోరు తెరిచింది.

"అంత పొడిగా పెడతారంటే ఎవరికైనా? నెయ్యెయ్యి."